టి అక్షరం దగ్గర నేర్చుకున్నది

మా యూనివర్సిటీ లైబ్రరీలో జర్నళ్లను సబ్జెక్టుల వారీగా కాకుండా ఇంగ్లిష్ అక్షరక్రమంలో పెట్టేవారు. అలా పెట్టాలని ఎవరు అనుకున్నారో గానీ, నా చదువులో సగం వాళ్ల చలవే. 1990ల మొదట్లో నేను ఫిజిక్స్‌లో రీసెర్చ్ స్కాలర్‌ని. గాజు పలక మీద లోహాన్ని అతి పలచని పొరగా పరిచి దాని గుణాలు కొలవడం నా పని. కాబట్టి నాకు రోజూ కావలసిన జర్నల్ ‘థిన్ సాలిడ్ ఫిల్మ్స్’. అది టి వరసలో ఉండేది. దాని ఎడమ పక్కనే ‘థియరీ అండ్ సొసైటీ’, అది సోషియాలజీ వాళ్లది. ఇంకాస్త ఎడమకు జరిగితే ‘టెల్లస్’, వాతావరణ శాస్త్రం. దానికి ముందు ‘టెక్నాలజీ అండ్ కల్చర్’, యంత్రాల చరిత్ర రాసేవాళ్లది. కుడివైపు నాలుగడుగులు వేస్తే ‘ట్రీ రింగ్ బులెటిన్’, చెట్ల వలయాలు లెక్కపెట్టేవాళ్లది. వీళ్లలో ఏ ఇద్దరి డిపార్ట్‌మెంట్లూ ఒకే బిల్డింగులో ఉండేవి కావు. ఒకరి సెమినార్‌కు ఇంకొకరు వెళ్లిన దాఖలా కూడా లేదు. ఆ ర్యాకులో మాత్రం భుజం భుజం ఆనించుకుని కూర్చునేవారు.

ఆ ర్యాకులు చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఏటవాలుగా ఉన్న పలక మీద కొత్త సంచిక అట్ట కనిపించేలా నిలబెట్టేవారు. పలక పైకెత్తితే వెనక గూట్లో ఆ ఏడాది పాత సంచికలు ఉండేవి. ఏడాది నిండాక అన్నీ కలిపి బైండింగుకు వెళ్లేవి. కొన్నాళ్లకు గట్టి అట్టతో, వెన్ను మీద జర్నల్ పేరు, వాల్యూం నంబరు, సంవత్సరం అచ్చేసుకుని కింది అంతస్తుకు చేరేవి. విదేశీ జర్నళ్లు చాలావరకు ఓడల్లో వచ్చేవి కాబట్టి ‘కొత్త’ సంచిక మా చేతికి అందేసరికి అది పాతబడి నెలలయ్యేది. అయినా సోమవారం పొద్దున లైబ్రరీ సార్ కొత్త కట్టలు విప్పి పెడుతుంటే స్కాలర్లం అక్కడే తచ్చాడేవాళ్లం.

లిటరేచర్ సర్వే అంటే అప్పట్లో నిజంగా ఒళ్లొంచి చేసే పని. ‘ఫిజిక్స్ ఆబ్‌స్ట్రాక్ట్స్’ అనే లావుపాటి సంపుటాలుండేవి. చీమల్లాంటి అక్షరాల్లో సబ్జెక్ట్ ఇండెక్స్. అందులో నంబరు పట్టుకుని, ఆ నంబరుతో సారాంశం వెతికి, సారాంశం బాగుంటే జర్నల్ దగ్గరకు నడవాలి. నడిచేటప్పుడు దారిలో ఏం కనపడితే అది చూస్తాం కదా. నాకు దొరికిన గొప్ప విషయాలన్నీ ఆ నడకలో దొరికినవే.

మొదటిది ‘ఎ’ వరసలో జరిగింది. ‘అడ్వాన్సెస్ ఇన్ ఫిజిక్స్’ కోసం వెళ్లాను. దాని పక్కన ‘అడ్మినిస్ట్రేటివ్ సైన్స్ క్వార్టర్లీ’ ఉంది. మేనేజ్‌మెంట్, ఆఫీసులు, సంస్థల గురించిన జర్నల్. 1990 నాటి సంచిక తిరగేస్తే ఛాలెంజర్ పేరు కనపడింది. రాసింది డయాన్ వాన్ అనే సోషియాలజిస్టు. ఛాలెంజర్ అనే అమెరికా అంతరిక్ష షటిల్ సంగతి మా ఫిజిక్స్ వాళ్లందరికీ తెలిసిన కథే. 1986 జనవరి 28న పైకి లేచిన 73 సెకన్లకు షటిల్ ముక్కలైపోయి ఏడుగురూ చనిపోయారు. రాకెట్ బూస్టర్ కీళ్ల దగ్గర ఉండే ఓ-రింగులు అనే రబ్బరు వలయాలు ఆ చలిలో బిరుసెక్కి, వేడి వాయువును ఆపలేకపోయాయి. విచారణలో రిచర్డ్ ఫైన్‌మన్ అనే ఫిజిసిస్టు ఆ రబ్బరు ముక్కను చిన్న క్లాంపుతో నొక్కి ఐసు నీళ్లలో ముంచి, తీసి చూపించాడు. నొక్కుపోయిన రబ్బరు వెంటనే మామూలు ఆకారానికి రాలేదు. మాలాంటివాళ్లకు అది ఆరాధనా దృశ్యం. ఒక గ్లాసు నీళ్లతో అంత పెద్ద చిక్కుముడి విప్పేశాడని మురిసిపోయేవాళ్లం.

పైగా మా ల్యాబులోనూ ఓ-రింగులున్నాయి. గాలి తీసేసిన గాజు గంట కింద లోహాన్ని ఆవిరి చేస్తాం కదా, ఆ గంటకూ కింది పలకకూ మధ్య గాలి చొరకుండా ఆపేది రబ్బరు రింగే. దాని మీద వెంట్రుక పడ్డా, గ్రీజు సరిగ్గా రాయకపోయినా వాక్యూమ్ రాదు. రోజూ గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూసుకునే వస్తువు అది. అందుకే, ఒక సోషియాలజిస్టుకు రబ్బరు రింగుతో ఏం పని అని అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టాను.

ఆవిడ అడిగిన ప్రశ్న ఫైన్‌మన్ అడిగింది కాదు. రబ్బరు చలికి ఎందుకు బిరుసెక్కింది అనేది ఆయన ప్రశ్న. ఈ రబ్బరుతో ఇబ్బంది ఉందని తెలిసినవాళ్లు లోపలే ఉన్నారు కదా, భద్రత చూడాల్సిన విభాగాలూ ఉన్నాయి కదా, అయినా ఎందుకు ఆగలేదు అనేది ఆవిడ ప్రశ్న. పర్యవేక్షించేవాళ్లు తాము పర్యవేక్షించే సంస్థ మీదే సమాచారానికీ వనరులకూ ఆధారపడితే ఏం జరుగుతుందో ఆ వ్యాసంలో విడదీసి చూపించింది. తర్వాత 1996లో ఇదే విషయం మీద పెద్ద పుస్తకం వేసింది. అందులో చెప్పినది ఇంకా లోతుగా వెళ్తుంది. ప్రయోగానికి ముందు రాత్రి, బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే చలిగా ఉంటే వద్దని చెప్పారు. పొద్దుటికి ఉష్ణోగ్రత 2 డిగ్రీల దగ్గర ఉంది. బయటినుంచి చూసేవాళ్లకు ఇది ఎవరో దుర్మార్గులు నియమాలు తుంగలో తొక్కిన కథలా కనిపిస్తుంది. ఆవిడ ఆ కాగితాలన్నీ తవ్వి తీస్తే కనపడింది వేరు. అంతకుముందు షటిల్ తిరిగొచ్చిన కొన్నిసార్లు ఓ-రింగు కాలిన గుర్తులు కనపడ్డాయి. కనపడ్డప్పుడల్లా పరిశీలించారు, లెక్కలు వేశారు, ఇంతవరకు ఫర్వాలేదని రాసుకున్నారు. ఈసారి ఫర్వాలేదన్నదే వచ్చేసారికి మామూలు అయిపోయింది. ఎవరూ నియమం తప్పలేదు. నియమాల ప్రకారమే, ఒక్కో మెట్టూ దిగుతూ అక్కడికి చేరారు.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ కూలిపోయినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ వ్యాసమే. ఇంధన ట్యాంకు నుంచి నురుగు ముక్కలు ఊడి తగలడం అంతకుముందు ప్రయోగాల్లోనూ జరిగింది, అది మామూలే అనుకున్నారు. దర్యాప్తు బోర్డు ఈసారి డయాన్ వాన్‌ను పిలిచింది. నివేదికలో సంస్థ పనితీరు గురించిన భాగాల్లో ఆమె చెయ్యి ఉంది. రబ్బరుకు జవాబు దొరికాక కూడా మనుషుల ప్రశ్న అలాగే మిగిలి ఉంటుందని, దానికి వేరే చదువు, వేరే ఓపిక కావాలని నాకు ఎవరూ క్లాసులో చెప్పలేదు. అక్షరక్రమం చెప్పింది.

ఆ రోజుల్లోనే మా ల్యాబుకు ఒక అక్క వచ్చింది. సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఒక ప్రయోగశాలలో పని నిజంగా ఎలా జరుగుతుందో దగ్గరుండి చూసి రాయడం ఆమె థీసిస్. ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో లాటూర్ 1970ల నడిమిలో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో, హార్మోన్ల మీద పనిచేసే ల్యాబులో రెండేళ్లు ఇలాగే కూర్చున్నాడు. ఆ దారిలో మాలాంటి చిన్న ల్యాబును చూడాలని ఆమె అనుకుంది. మా గైడ్ సరేనన్నారు. కోటింగ్ యూనిట్‌కు ఎదురుగా స్టూలు వేసుకుని, ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని నెలల తరబడి కూర్చుంది. మొదట్లో మాకు టెన్షన్‌గా ఉండేది. తర్వాత అలవాటు పడిపోయాం. ఆమె మాత్రం దేనికీ అలవాటు పడేది కాదు. అదే ఆమె పనితనం.

ఒకరోజు నా నోట్‌బుక్ వైపు వంగి అడిగింది.

“ఈ రీడింగ్ ఎందుకు కొట్టేశావు తమ్ముడూ?”

“ఆ ఫిల్మ్ సరిగ్గా రాలేదక్కా.”

“సరిగ్గా రాలేదని కొలవకముందే తెలిసిందా, కొలిచాక తెలిసిందా?”

నేను ఆగిపోయాను. ఫిల్మ్ అంచున మసకగా ఉందని చూడగానే అనుకున్న మాట నిజం. కొలిచిన విలువ గ్రాఫు మీద దూరంగా పడిన మాటా నిజం. ఈ రెండిట్లో ఏది ముందు, ఏది వెనక అన్నది కాగితం మీద ఎక్కడా లేదు. ఆమె తప్పు పట్టడానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆ సాయంత్రమే నోట్‌బుక్‌లో ఒక గడి ఎక్కువ గీశాను. ఫిల్మ్ బయటికి తీసిన వెంటనే, మీటరు దగ్గరకు వెళ్లకముందే, కంటికి ఎలా కనిపించిందో అందులో రాసేవాణ్ని. ఇప్పటికీ నా దగ్గర చేరే స్కాలర్లందరికీ ఆ గడి ఉంటుంది. ఫిజిక్స్ పుస్తకాల్లో దొరకని ఆ గడిని నాకు ఒక సోషియాలజీ స్కాలర్ ఇచ్చింది.

ఆమె రాసుకున్నవాటిలో నన్ను బాగా కదిలించింది మా టెక్నీషియన్ అన్న గురించి. రోటరీ పంపు ఆన్ చేస్తే మొదట గాలి గుటకలు వేస్తున్నట్టు బరువుగా మోగుతుంది. గాలి పోయేకొద్దీ ఆ గరగర తగ్గి, చివరికి టకటకమని సన్నగా, పొడిగా కొట్టుకుంటుంది. మేమంతా గేజ్ ముల్లు చూసి వాక్యూమ్ వచ్చిందో లేదో చెప్పేవాళ్లం. అన్న గది అవతల ఏదో సోల్డరింగ్ చేసుకుంటూనే, “సార్, లీకుంది, గంట ఎత్తి మళ్లీ పెట్టండి” అనేవాడు. ముల్లు ఇంకా కదలకముందే ఆయన చెవికి తెలిసిపోయేది. మేం దాన్ని అనుభవం అనుకుని ఊరుకున్నాం. అక్క దాన్ని ఒక కొలత అని రాసింది. ఈ ల్యాబ్ నుంచి వెళ్లిన ప్రతి పేపర్‌లోనూ ఆ చెవి ఉంది, ఏ పేపర్‌లోనూ ఆ పేరు లేదు అని కింద గీత గీసింది.

వారం తిరక్కుండా నాకో జిరాక్స్ తెచ్చి ఇచ్చింది. ‘అమెరికన్ సైంటిస్ట్’లో స్టీవెన్ షేపిన్ అనే చరిత్రకారుడు 1989లో రాసిన వ్యాసం. 17వ శతాబ్దంలో గాలి పంపుతో ప్రయోగాలు చేసిన రాబర్ట్ బాయిల్ మనకు స్కూలు నుంచీ తెలుసు. ఆ పంపును నిలబెట్టిన చేతులు చాలావరకు ఇతరులవి. మొదటి పంపు పనిచేసేలా చేసింది రాబర్ట్ హుక్. తర్వాత చాలా ప్రయోగాలు నడిపింది డెనిస్ పాపిన్. వీళ్లిద్దరికీ తర్వాత సొంతంగా పేరొచ్చింది కాబట్టి మనకు తెలుసు. బాయిల్ దగ్గర జీతానికి పనిచేసి, గాజు పాత్రలు పగిలినప్పుడు గాయాలపాలైనవాళ్లకు రాతల్లో పేర్లే లేవు. మూడు వందల ఏళ్ల తర్వాత మా గదిలో అదే వాక్యూమ్, అదే పంపు, అదే మౌనం. నా థీసిస్‌లో అన్న పేరు కృతజ్ఞతల పేజీతో ఆపకుండా, ప్రయోగ విధానం చాప్టర్‌లో, లీక్ పరీక్ష ఎలా చేశామన్న చోట రాశాను. గైడ్ పెన్సిలుతో ఆ వాక్యం పక్కన చిన్న టిక్కు పెట్టి వదిలేశారు. ఆ టిక్కంటే నాకు ఇప్పటికీ గౌరవం.

టి వరసలోకి మళ్లీ వస్తాను. ‘టెక్నాలజీ అండ్ కల్చర్’ 1976 సంపుటంలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ వ్యాసం ఒకటి ఉంది. ఇంట్లోకి యంత్రాలు వచ్చాక ఆడవాళ్ల పని తగ్గిందా అన్నది ఆమె వెతికిన సంగతి. అమెరికా ఇళ్ల మీద చేసిన పని అది. తగ్గుతుందనే అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని పేజీ తిప్పాను. ఆమె పాత పత్రికల ప్రకటనలు, గృహిణులకు ఇచ్చిన సలహాలు, పని గంటల సర్వేలు ముందేసుకుని చూసింది. పనిమనుషులు తగ్గిపోయారు, వాళ్లు చేసే పని కూడా ఇంటావిడ మీదకే వచ్చింది. వాషింగ్ మెషీన్ వచ్చాక, అంతకుముందు బయట ఉతికించుకునే బట్టలు మళ్లీ ఇంటికొచ్చాయి, ఎంత శుభ్రంగా ఉండాలన్న కొలత కూడా పెరిగింది. 1983లో రాసిన పుస్తకంలో ఇంకా వెనక్కి వెళ్లి, కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం లాంటి మగవాళ్ల పనులనూ పిల్లల పనులనూ యంత్రాలూ గొట్టాలూ తీసేసుకున్నాయని, అమ్మ పని మాత్రం అలాగే ఉండిపోయిందని చూపించింది. టెక్నాలజీ అంటే కండక్టివిటీ, కరెంటు, వేగం అనుకుంటూ పెరిగినవాణ్ని. ఎవరి గంటలు మిగిలాయి అని అడగడం కూడా టెక్నాలజీ మీద పరిశోధనే అని తెలిసింది అప్పుడే.

‘టెల్లస్’లో 1960 నాటి ఛార్లెస్ కీలింగ్ వ్యాసం చదివాను. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958 మార్చిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షలకు 313 వంతులు ఉంది. పరారుణ కాంతిని ఆ వాయువు ఎంత పీల్చుకుంటుందో చూసి కొలిచే పరికరం, అంటే మా ఫిజిక్సే. కానీ గ్రాఫులో కనపడింది చెట్ల ఊపిరి. ఉత్తరార్ధగోళంలో వేసవిలో ఆకులు పెరిగేకొద్దీ గీత కిందికి దిగుతుంది, ఆకులు రాలి కుళ్లేకొద్దీ పైకెక్కుతుంది. ఆ ఊగిసలాటతోనే ఏటికేడు మొత్తం గీత పైకి పోతోంది. 1964లో నిధులు తగ్గి కొన్ని నెలలు కొలతలు ఆగాయి. గ్రాఫులో ఆ ఖాళీ ఇప్పటికీ ఉంది. డబ్బు ఆగితే ప్రకృతి రికార్డులో కూడా చిల్లు పడుతుందని అంత సూటిగా చెప్పే బొమ్మ నేను ఇంకొకటి చూడలేదు. ఇప్పుడా సంఖ్య 420 దాటింది. 2005లో ఆయన పోయాక కొడుకు రాల్ఫ్ కీలింగ్ ఆ కొలతలు చూస్తున్నాడు.

ఇంతకంటే ఓపికైన పని ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో ఉంది. అక్కడి బ్రాడ్‌బాక్ పొలంలో 1843 నుంచి గోధుమ వేస్తూనే ఉన్నారు, గింజలూ గడ్డీ మట్టీ దాస్తూనే ఉన్నారు. ఎరువుల సంగతి తేల్చడానికి మొదలైన పని అది. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో ఆ పాత గింజలూ గడ్డిలోంచి తెగుళ్ల డీఎన్‌ఏ తీసి, ఏ తెగులు ఎప్పుడు ఎక్కువైందో చూస్తే, ఫ్యాక్టరీల పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువ తక్కువలతో అది కలిసింది. మొదట్లో దాచిపెట్టినవాళ్లకు డీఎన్‌ఏ అనే పేరే తెలియదు.

చెట్ల వలయాల జర్నల్ దగ్గరకు మాత్రం నేను ఊరికే, అట్ట బాగుందని వెళ్లాను. ఆ శాస్త్రాన్ని నిలబెట్టింది ఆండ్రూ డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త అని చదివి ఆశ్చర్యపోయాను. సూర్యుడి మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి ఎక్కువ తక్కువలవుతాయి. ఆ ప్రభావం వాన మీద, వాన ప్రభావం చెట్టు మీద పడితే, పాత చెట్లలో సూర్యుడి చరిత్ర చదవొచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. ఆరిజోనాలో పైన్ చెట్ల మొదళ్లు చూస్తూ పోయాడు. ఆయన ఆశించినంత స్పష్టంగా సూర్యుడి జాడ దొరకలేదు. కానీ ఒక ఏడాది వలయం సన్నగా, మరో ఏడాది లావుగా పడే వరస ఆ ప్రాంతం అంతటా ఒకేలా ఉందని తేలింది. అక్కడి పురాతన రాతి ఇళ్లలో మిగిలిన దూలాల వరస తీశాడు. బతికున్న చెట్ల వరస ఒకవైపు, దూలాల వరస ఒకవైపు, రెండిటికీ మధ్య అతుకు దొరకదు. 1929లో షో లో అనే ఊళ్లో సగం కాలిన దూలం ఒకటి తవ్వి తీశారు. దానికి హెచ్‌హెచ్-39 అని నంబరు పెట్టారు. అందులో 1237 నుంచి వలయాలున్నాయి. ఆ దూలంతో రెండు వరసలూ కలిశాయి. అంతవరకు ‘ఎప్పుడో పాతకాలం’ అనుకున్న ఇళ్లకు ఒక్కసారిగా సంవత్సరాలు వచ్చాయి. సూర్యుణ్ని వెతికినవాడి వల్ల ఆర్కియాలజీకి క్యాలెండర్ దొరికింది.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి కథా ఇలాంటిదే. 1946లో కేంబ్రిడ్జ్ మ్యూజియంలో ఆయన చేతికొచ్చిన పని సూడాన్‌లోని జబెల్ మోయాలో తవ్విన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడం. ఒకే ఎముక మీద తీసిన అనేక కొలతలను కలిపి చూసి ఇది ఏ గుంపుకు చెందుతుందో తేల్చే పద్ధతుల మీద ఆయన పని ఆ ఎముకల మధ్య పదును తేలింది. ఆ పద్ధతులు ఇప్పుడు ఎముకలతో సంబంధం లేని ఎన్ని చోట్లకో పాకాయి.

ఇక రీప్రింట్ కార్డుల సంగతి. మనకు కావలసిన వ్యాసం లైబ్రరీలో లేకపోతే, రాసినాయనకే పోస్టుకార్డు పంపేవాళ్లం. “మీ ఫలానా వ్యాసం ప్రతి ఒకటి పంపగలరు” అని ముందే అచ్చువేసి ఉండేది. ఖాళీల్లో పేరు, వాల్యూం, పేజీ నింపడమే. కొన్ని వారాల తర్వాత ఎక్కడో ఖండం అవతల నుంచి కవరు వచ్చేది. లోపల వ్యాసం, మొదటి పేజీ మీద మూలగా సంతకం. మన పేరు తెలియని మనిషి మన కోసం కవరు అంటించాడు కదా అని ఆ రోజంతా సంతోషంగా ఉండేది.

అందుకే, సీటీ స్కాన్‌కు దారివేసినవాళ్లలో ఒకడైన అలన్ కార్మాక్ నోబెల్ ఉపన్యాసం చదివినప్పుడు ఒక చోట అచ్చంగా ఆగిపోయాను. కేప్‌టౌన్‌లో ఫిజిక్స్ లెక్చరర్‌గా ఉండగా 1956లో ఆయన్ను అక్కడి ఆసుపత్రిలో కొన్నాళ్లు పార్ట్‌టైమ్‌గా చూడమన్నారు, ఎందుకంటే రేడియో ఐసోటోపుల దగ్గర ఒక ఫిజిసిస్టు ఉండాలన్నది చట్టం. అక్కడ రేడియేషన్ మోతాదు లెక్కలు చూసి, శరీరం లోపల ఎక్కడ ఎంత పీల్చుకుంటుందో బయటి కొలతల నుంచే తెలుసుకోవాలి కదా అనుకున్నాడు. చెక్క చుట్టిన అల్యూమినియం బిళ్లతో మొదటి ప్రయోగం చేశాడు. ఫలితంలో నడిమధ్యన విలువ కాస్త తేడాగా వచ్చింది. వెళ్లి అడిగితే, బిళ్ల తయారుచేసిన వర్క్‌షాప్ మనిషి మధ్యలో దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం మేకు పెట్టాడని, మిగతాదంతా మిశ్రలోహమని తేలింది. ఆయనకే తెలియని మేకును ఆయన గణితం పట్టేసింది! 1963, 1964ల్లో ‘జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఫిజిక్స్’లో రెండు వ్యాసాలు వేశాడు. దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. వచ్చిన రీప్రింట్ అభ్యర్థనల్లో ఆయనకు ఆసక్తిగా అనిపించింది స్విట్జర్లాండ్‌లో హిమపాతాల మీద పరిశోధన చేసే కేంద్రం నుంచి వచ్చింది. కొండ మీద పేరుకున్న మంచు లోపల ఏముందో చూడాలన్నది వాళ్ల అవసరం. డాక్టర్లకు పట్టని వ్యాసం మంచు మనుషులకు పట్టింది. ఇదే గణితాన్ని యోహాన్ రాడాన్ 1917లోనే తేల్చాడని కార్మాక్‌కు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. సీటీ స్కాన్‌కు 1979లో ఆయనకూ గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కూ నోబెల్ వచ్చింది. మా కింది అంతస్తులో ఆ రెండు సంపుటాలూ ఉండేవి. ఆ పేజీలు వెతికి తీసి, వేలు పెట్టి చూసుకుని మళ్లీ పెట్టేశాను.

తర్వాత రోజులు మారాయి. 1991లో పాల్ గిన్‌స్పార్గ్ మొదలుపెట్టిన ఆర్కైవ్ ద్వారా అచ్చు కాని వ్యాసాలు కంప్యూటర్‌కే రావడం మొదలైంది. ఓడ కోసం నెలలు ఆగినవాళ్లకు అది పెద్ద వరం, అందులో మరో మాట లేదు. క్రమంగా ప్రింట్ చందాలు ఆగిపోయి, ర్యాకులు తీసేసి అక్కడ కంప్యూటర్ టేబుళ్లు వేశారు. ఇప్పుడు స్కాలర్ అడిగిన వ్యాసం క్షణంలో వస్తుంది. అడగనిది రాదు. అడిగినదానికి దగ్గరగా ఉన్నవే కింద వరసగా చూపిస్తుంది కాబట్టి, థిన్ ఫిల్మ్స్ వెతికినవాడికి ఇంకో నలభై థిన్ ఫిల్మ్స్ వ్యాసాలు వస్తాయి గానీ, అమ్మల పని గంటల లెక్క రాదు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. పనిని తూచే పద్ధతులూ అలాగే తయారయ్యాయి. ఎవరి సబ్జెక్టులో వాళ్లు ఎన్ని పేపర్లు వేశారన్నదే లెక్క కాబట్టి, పక్క సబ్జెక్టు చదవడం కాలం వృథా అని పిల్లలకు చిన్నప్పుడే నూరిపోస్తున్నాం.

అయినా ఆ దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఇప్పుడు నా దగ్గర ఒక అమ్మాయి పల్స్ ఆక్సీమీటర్ మీద పనిచేస్తోంది. వేలికి తగిలించే ఆ చిన్న పరికరం 660 నానోమీటర్ల ఎరుపు కాంతినీ, 940 దగ్గరి పరారుణ కాంతినీ వేలిగుండా పంపి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. చర్మం రంగు కూడా కాంతిని పీల్చుకుంటుంది కదా, దాని లెక్క సరిగ్గా ఎలా వేయాలన్నది ఆమె ప్రశ్న. 2020 డిసెంబరులో అమెరికా రోగుల మీద వచ్చిన ఒక అధ్యయనం ఆమెను దీనిలోకి దింపింది. పరికరం 92 నుంచి 96 శాతం చూపిస్తుండగా, రక్తం తీసి పరీక్షిస్తే నిజానికి 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. ఆమె అక్కడితో ఆగలేదు. వెనక్కి తవ్వుకుంటూ పోయి 1990లోనే ‘చెస్ట్’ అనే వైద్య జర్నల్‌లో జుబ్రాన్, టోబిన్ అనే ఇద్దరు డాక్టర్లు ఇలాంటి తేడానే రాశారని పట్టుకొచ్చింది. ముప్ఫై ఏళ్లు ఆ మాట అక్కడే ఉంది. ఆ జర్నల్ మా లైబ్రరీలో ఉండేది కాదు, మెడికల్ కాలేజీ వాళ్ల లైబ్రరీలో ఉండేది.

నేను కాంతి లెక్కలు సరిచూడమని ఆమెకు చెప్పాను. చూసింది. ఆ తర్వాత నన్ను అడక్కుండానే ఐసీయూలో పనిచేసే నర్సుల దగ్గరకు వెళ్లి కూర్చుంది. ఏ అంకె చూస్తే నమ్ముతారు, ఏ అంకె చూస్తే వేలు మార్చి మళ్లీ పెడతారు, ఎప్పుడు పరికరాన్ని పక్కన పెట్టి రోగి పెదాల రంగు చూస్తారు, అన్నీ రాసుకొచ్చింది. ఆ పేజీలు థీసిస్‌లో ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు. కమిటీలో ఒకరు అనుబంధంలో పెట్టమంటున్నారు. నేను మొదటి చాప్టర్‌లోనే పెట్టమన్నాను.